పాటల లిస్టు

"ఏ పాటకి ఏ లైట్లు వేస్తారమ్మా?" అని బోర్డు బాబాయ్ అడగడం పొద్దుటి నుంచి అది మూడోసారి.

నిచ్చెన మీద నిలబడి, నోట్లో టేపు ముక్క కరుచుకుని, పైపుకి బిగించిన లైటుకి నంబరు చీటీ అంటిస్తున్న అమ్మాయి తల తిప్పలేదు. ఆమెది ఎలక్ట్రికల్ ఫైనలియర్. జడ ముడిలో పిన్నుకి బదులు కరెంటు టెస్టర్ గుచ్చుకుంటుంది కాబట్టి కాలేజీలో అందరికీ ఆమె టెస్టర్. హాజరు వేసేటప్పుడు అసలు పేరు పిలిస్తే వెనక బెంచీల వాళ్ళు ఎవరా ఈ కొత్తమ్మాయి అని చూస్తారు.

"పాటల సంగతి డాన్సు వాళ్ళని అడుగు బాబాయ్," అంది టేపు తీసి. "నా లోడ్ షీటు ఇచ్చాను కదా. దాని ప్రకారం కలిపెయ్."

"కలుపుతాను. లిస్టు కూడా ఉంటే..."

"మూడు ఫేజులూ సమానం. ఒక్క లైటు కూడా తేడా లేదు. హెచ్‌ఓడీ సార్ సంతకం కూడా అయిపోయింది."

బాబాయ్ షీటుని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో, కళ్ళజోడు వెనక దోపుకున్నాడు. స్టేజీ పక్కనున్న చిన్న గదిలోకి, తన బోర్డు దగ్గరికి వెళ్ళిపోయాడు.

వార్షికోత్సవం శుక్రవారం. ఆ రోజు మంగళవారం. ఈ కాలేజీలో వార్షికోత్సవానికి బయటివాళ్ళని పిలిచి పని చేయించుకోవడం నామోషీ. స్టేజీ సివిల్ వాళ్ళు కట్టాలి, తెరలు మెకానికల్ వాళ్ళు లాగాలి, మైకులు ఎలక్ట్రానిక్స్ వాళ్ళవి, లైట్లు ఎలక్ట్రికల్ వాళ్ళవి. కంప్యూటర్స్ వాళ్ళు పోస్టర్లు వేస్తారు, మిగతా నాలుగు బ్రాంచీల మీదా జోకులు వేస్తారు. అన్ని చోట్లా అసలు పని చేసే మనిషి ఒకడు వెనక ఉంటాడు. లైట్లకి ఆ మనిషి బోర్డు బాబాయ్. ఏజెన్సీ తరఫున పంతొమ్మిదేళ్ళుగా అదే హాల్లో పని చేస్తున్నాడు. జీతం ఏజెన్సీది, ఊడిగం కాలేజీది.

టెస్టర్ చేసిన లెక్క చూడ్డానికి ముచ్చటగా ఉంది. హాలుకి కరెంటు మూడు తీగల మీద, అంటే మూడు ఫేజుల మీద, వస్తుంది. వాటి పేర్లు ఎరుపు, పసుపు, నీలం. తిరిగి వెళ్ళేది ఒక్క తీగ మీద, దాని పేరు న్యూట్రల్. మూడింటి మీదా బరువు సమానంగా ఉంటే ఆ నాలుగో తీగకి పనే ఉండదు. స్టేజీకి ముప్ఫై ఆరు లైట్లు. పన్నెండు ఎర్రవి, పన్నెండు పసుపువి, పన్నెండు నీలంవి. ఎర్ర లైట్లు ఎరుపు ఫేజు మీద, పసుపువి పసుపు మీద, నీలంవి నీలం మీద. షీటు మీద మూడు నిలువు వరసలు, మూడు రంగుల ఇంకు, కింద మూడు మొత్తాలు ఒకటే అంకె. న్యూట్రల్ అన్న చోట సున్నా. ఆ సున్నా పక్కనే హెచ్‌ఓడీ ఆకుపచ్చ ఇంకుతో సంతకం చేసి, "చాలా నీట్‌గా ఉందమ్మా, జూనియర్లకి చూపించు," అన్నాడు.

సాయంత్రానికి ఆమె అరికాళ్ళు నిచ్చెన మెట్ల ఆకారంలోకి వంగిపోయాయి. కింద కూర్చుని బూట్లు విప్పుకుంటుంటే బాబాయ్ టీ తెచ్చి పెట్టాడు.

"తాగమ్మా. మొహం పీక్కుపోయింది."

"ఇంకా మూడు రోజులు బాబాయ్. తర్వాత రెండు రోజులు నిద్రపోతాను, ఎవరూ లేపకూడదు."

"నేనూ అలాగే అనుకుంటాను ప్రతి ఏడూ," అని నవ్వాడు. కలిపిన తీగల దగ్గరికి వెళ్ళి కుడిచేతి వెనకభాగం ఒక్కొక్క దానికీ దగ్గరగా పెట్టి చూసుకున్నాడు. అరచేత్తో ఎప్పుడూ ముట్టుకోడు. షాకు కొడితే అరచెయ్యి తీగని పట్టేసుకుంటుంది, చేతి వెనకభాగం వదిలేస్తుంది. ఈ సంగతి టెస్టర్‌కి పుస్తకం చెప్పలేదు, మొదటి సంవత్సరంలో ఆయనే చెప్పాడు.

*

బుధవారం మధ్యాహ్నం డ్రెస్ రిహార్సల్. మొదటి అయిదు ఐటాలూ బాగానే గడిచాయి. యాంకర్లు ఒకరి మాట ఒకరు మింగారు, స్వాగత గీతంలో ఒకమ్మాయి మూడో చరణం మొదట పాడేసింది. అవన్నీ రిహార్సల్లో జరిగేవే.

ఆరో ఐటం టెస్టర్ రూమ్మేట్ బృందం డాన్సు. ఆ రూమ్మేట్‌ని బొంగరం అంటారు, ఒక చోట నిలబడలేదు. స్టేజీ మధ్యలోకి వచ్చి పైన లైట్ల వైపు చూసి అరిచింది.

"ఏయ్ టెస్టర్! ఈ పాటకి అన్నీ వద్దు. ఒట్టి ఎరుపు. నిప్పులా ఉండాలి!"

తెర పక్కన లైట్ల మీటల దగ్గరున్న టెస్టర్ పసుపు మీటా, నీలం మీటా కిందికి లాగింది. ఎర్ర మీట పైకంటా నెట్టింది. స్టేజీ కొలిమిలా అయింది. కింద కూర్చున్న వాళ్ళు ఈలలు వేశారు.

పాట సగంలో బోర్డు గదిలోంచి బాబాయ్ కేక వినిపించింది. "పసుపు కూడా వెయ్యండమ్మా! పసుపూ, నీలమూ!" డోలు దెబ్బల్లో అది ఎవరికీ ఎక్కలేదు. టెస్టర్‌కి ఎక్కింది. ఎక్కిన మరుక్షణం షీటు మీది మూడు వరసలూ కళ్ళ ముందుకి వచ్చాయి. మూడూ వెలిగితేనే సున్నా. ఒక్కటే వెలిగితే, దాని బరువంతా తిరిగి వెళ్ళేది నాలుగో తీగ మీదే. చెయ్యి పసుపు మీట మీదికి వెళ్ళేలోపే లోపల టప్‌మని చప్పుడైంది. స్టేజీ చీకటైంది. రెండో క్షణంలో, న్యూట్రల్ తెగి ఎక్కువైన వోల్టేజీకి, సౌండు మిక్సరులోంచి పొగ లేచింది.

హెచ్‌ఓడీ అయిదు నిమిషాల్లో వచ్చాడు. బోర్డు తలుపు తెరిపించాడు. న్యూట్రల్ జాయింటు బొగ్గయి వేలాడుతోంది. ఆయన వేలు దాని దాకా పోనిచ్చి ఆగాడు.

"ఇది బిగించాల్సింది ఎవరు?"

"నేనే సార్," అన్నాడు బాబాయ్.

"బిగించావా?"

"బిగించాను సార్. నిన్న పొద్దున బిగించాను, సాయంత్రం మళ్ళీ చూశాను."

"బిగిస్తే ఇలా ఉంటుందా? మిక్సరు పోయింది. ఎల్లుండి ఎనిమిది వందల మంది వస్తారు, చీఫ్ గెస్ట్ వస్తారు. అప్పుడు జరిగుంటే?"

బాబాయ్ చెయ్యి చొక్కా జేబు దాకా వెళ్ళింది. జేబులో, కళ్ళజోడు వెనక, షీటు అంచు కనిపిస్తోంది. ఆయన కళ్ళజోడు మాత్రం తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు.

"ఫంక్షన్ అయ్యేదాకా నువ్వు ఇటు రావొద్దు. ఏజెన్సీని ఇంకొకర్ని పంపమంటాను. తర్వాత సంగతి తర్వాత."

టెస్టర్ గుమ్మంలోనే ఉంది. పైన లైట్లు చూడ్డానికి ఎత్తుకొచ్చిన నిచ్చెన ఇంకా భుజం మీదే ఉంది. నోరు తెరవాల్సిన చోటు అదేనని ఆమెకి తెలుసు. "సార్," అనాలి, తర్వాత రెండు వాక్యాలు చాలు. బాబాయ్ తన స్క్రూడ్రైవర్లని ఒక్కొక్కటే గుడ్డలో చుట్టుకుని సంచిలో వేసుకున్నాడు. దాటి వెళ్తూ, "నిచ్చెన దింపమ్మా, భుజం నొప్పెడుతుంది," అన్నాడు.

ఆయన వెళ్ళాక ఆమె స్టూడెంట్స్ కమిటీ ప్రెసిడెంటుని తెర వెనక్కి లాగింది.

"తప్పు జాయింటుది కాదురా. నా షీటుది."

ప్రెసిడెంటుకి రెండు రోజుల గడ్డం, రెండు ఫోన్లు. రెండూ మోగుతున్నాయి. "నీ షీటు మీద ఎవరి సంతకం ఉంది?"

"హెచ్‌ఓడీది."

"మరి ఇప్పుడెళ్ళి ఆయనకి ఏమని చెప్తావు? సార్, తప్పు నాది, సంతకం మీది అనా? తల్లీ, నీకు దండం పెడతాను. ఇప్పుడు నీ నిజాయితీ బయటికి తియ్యకు. నాకు మిక్సరు కావాలి, జనరేటర్ వాడు ఫోన్ ఎత్తడం లేదు, చీఫ్ గెస్ట్ పీయే శాలువా ఏ రంగని అడుగుతున్నాడు."

"బాబాయ్ ఉద్యోగంరా."

"రెండు రోజులు రావొద్దన్నారు, అంతేగా. ఫంక్షన్ కానీ. శనివారం ఇద్దరం కలిసి వెళ్దాం, సరేనా?" అని ఒక ఫోను చెవికి ఆనించుకుని వెళ్ళిపోయాడు.

*

గురువారం పొద్దున క్లాసు ఎగ్గొట్టి ఆమె బాబాయ్ ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళింది. సైకిల్ రిపేర్లు, కుట్టు మిషన్లు, తాళాల దుకాణాలు ఉన్న సందు. ముందు గదిలో నేల మీద విప్పిన ఫ్యాన్లు మూడు, రెక్కలు గోడకి ఆనించి ఉన్నాయి. బాబాయ్ పీట మీద కూర్చుని రాగితీగ చుడుతున్నాడు. చుట్లు పెదాలతో లెక్కపెట్టుకుంటున్నాడు కాబట్టి తల ఎత్తలేదు. గుమ్మంలోకి ఆయన భార్య వచ్చింది.

"కాలేజీ పిల్లవా? ఇంకా ఏం కాలిందని వచ్చావమ్మా?"

"అది కాదు పిన్నీ..."

"ఏది కాదు? పంతొమ్మిదేళ్ళుగా పండగా పబ్బం లేకుండా ఆ హాల్లోనే పడున్నాడు. నిన్న నాలుగింటికే ఇంటికొస్తే ఒంట్లో బాగోలేదేమో అనుకున్నాను."

"మూడు వందల పన్నెండు," అని బాబాయ్ తీగ తుంచాడు. "ఊరుకోవే. కూర్చోమ్మా."

టెస్టర్ కూర్చోలేదు. దారంతా కూడబలుక్కున్నది ఒక్కసారిగా కక్కేసింది. "తప్పు నాది బాబాయ్. ఎర్రవన్నీ ఒకే ఫేజు మీద పెట్టాను. విడిగా వేస్తే ఏమవుతుందో చూసుకోలేదు. నిన్న అక్కడే చెప్పాల్సింది. చెప్పలేదు."

"తెలుసమ్మా."

"మీకు ఎప్పుడు తెలిసింది?" 'మీరు' అనడం ఆయనతో ఆమెకి అదే మొదలు. ఆయన గమనించినా పైకి తేలనివ్వలేదు.

"షీటు చూడగానే అనుమానం వచ్చింది. అందుకే పాటలు అడిగాను. నాకు లెక్కలు అంతగా రావు. ఏ పాటకి ఏం వెలుగుతాయో తెలిస్తే మాత్రం ఏ తీగ వేడెక్కుతుందో చెప్పగలను. పైగా ఆ న్యూట్రల్ సన్నది. ఈ హాలు కట్టినప్పటిది. మార్చమని ఎన్నిసార్లు చెప్పానో."

"మరి నిన్న షీటు తీసి చూపించొచ్చుగా?"

"చూపిస్తే?" అన్నాడు బాబాయ్. "సంతకం పెట్టిన మనిషి ఎదురుగా నిలబడ్డాడు. చుట్టూ పిల్లలు. ఇంకా కోపమొస్తుంది తప్ప తగ్గుతుందా?" జేబులోంచి షీటు తీసి ఆమెకిచ్చాడు. నాలుగు మడతలూ అలాగే ఉన్నాయి. "నీదేగా, దాచుకో. రేపటికి ఏం చేశావో చెప్పు."

ఆమె కొత్త షీటు తీసింది. రాత్రి కూర్చుని మార్చింది. ప్రతి రంగునీ మూడు ముక్కలు చేసింది. స్టేజీకి ఎడమ వైపువి ఒక ఫేజు, మధ్యవి ఒకటి, కుడి వైపువి ఒకటి. ఒట్టి ఎరుపు వేసినా మూడు తీగలకీ సమానం. బాబాయ్ కళ్ళజోడు పెట్టుకుని వేలితో ఒక్కొక్క గడీ దాటుకుంటూ చదివాడు.

"లిస్టేదీ?"

ఈసారి తెచ్చింది. పదకొండు ఐటాలు. ఆయన వేలు ఏడు దగ్గర ఆగింది.

"ఇదేంటి?"

"నాటిక. తండ్రీ కొడుకూ. ఇద్దరే."

"ఎక్కడుంటారు?"

"ఎడమ వైపు. అక్కడ మంచం వేస్తారు, మిగతా అంతా చీకటి..." ఆమె మాట ఆగిపోయింది. ఎడమ వైపు లైట్లన్నీ ఒకే ఫేజు. మళ్ళీ అదే.

వెనక నుంచి పిన్ని నవ్వింది. పొద్దుటి నుంచి ఆ ఇంట్లో అదే మొదటి నవ్వులా ఉంది. "ఏవమ్మా, మీ కాలేజీలో చెప్పేది ఇదేనా?"

"పక్కపక్క లైట్లు వేర్వేరు ఫేజులకి," అన్నాడు బాబాయ్. నేల మీద స్క్రూలు వరసగా పేర్చాడు. మొదటిది ఎరుపు ఫేజు, రెండోది పసుపు, మూడోది నీలం, మళ్ళీ మొదటికి. "ఎక్కడ ఎన్ని వెలిగించినా బరువుని మూడూ పంచుకుంటాయి. చూడ్డానికి బాగోదు, షీటు గజిబిజిగా ఉంటుంది. పని చేస్తుంది."

పదకొండు ఐటాలూ ఇద్దరూ ఒక్కొక్కటే చూశారు. మధ్యాహ్నం దాటింది. లేచేటప్పుడు ఆమె, "నేను సార్‌కి చెప్తాను," అంది. బాబాయ్ రెండో ఫ్యాను దగ్గరికి జరుగుతూ, "ముందు లైట్లు చూసుకోమ్మా," అన్నాడు.

ఆ సాయంత్రం లైబ్రరీలో ఆమె లెటర్ రాసింది. ఒకటిన్నర పేజీ. తప్పు తనదనీ, పాత షీటు జత చేస్తున్నాననీ రాసింది. బాబాయ్‌కి న్యాయం జరగాలని ఆయన అనుభవం గురించి కూడా రాసింది. ఆయన షీటు చూడగానే లోపం కనిపెట్టారనీ, హాల్లో న్యూట్రల్ తీగ సన్నదన్న సంగతి ఆయనకి ఎప్పటి నుంచో తెలుసనీ, పాటల లిస్టు మూడుసార్లు అడిగారనీ రాసింది. మూడుసార్లు అన్న మాట కింద గీత గీసింది.

హెచ్‌ఓడీ నిలబడే చదివాడు. రెండో పేజీ తిప్పి, మళ్ళీ మొదటికి వచ్చాడు. జత చేసిన షీటు మీద తన సంతకం చూసి దాన్ని అడుగున పెట్టాడు.

"ఇది రాయమని ఎవరైనా చెప్పారా?"

"లేదు సార్."

"ధైర్యం కావాలమ్మా దీనికి. చాలామంది చెయ్యరు." లెటర్ని సొరుగులో పెట్టాడు. "వెళ్ళు. రేపు మాట రాకుండా చూసుకో."

బయటికి వచ్చాక ఆమెకి ఆకలి వేసింది. రెండు రోజుల్లో మొదటిసారి కడుపు నిండా తిని, బట్టలు మార్చుకోకుండానే పడి నిద్రపోయింది.

*

శుక్రవారం పొద్దుటి నుంచి నలుగురు జూనియర్లని వెంటేసుకుని ముప్ఫై ఆరు లైట్లూ విప్పి మళ్ళీ కలిపింది. పక్కపక్కవి వేర్వేరు ఫేజులకి. ఏజెన్సీ పంపిన కొత్త ఎలక్ట్రీషియన్ న్యూట్రల్‌కి కొత్త జాయింటు వేసి, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, బోర్డు గదిలో బాబాయ్ స్టూలు మీద కూర్చున్నాడు. షీటు చూపిస్తే, "మీ ఇష్టం మేడం," అన్నాడు.

ఆరింటికి హాలు నిండింది. చీఫ్ గెస్ట్ ముప్పావుగంట ఆలస్యంగా వచ్చి, యువత సమయపాలన గురించి ఇరవై నిమిషాలు మాట్లాడాడు. ఆ ప్రసంగానికి పెద్ద లైట్లు అక్కర్లేదు కాబట్టి టెస్టర్ మీటలు జూనియర్‌కి అప్పగించి బోర్డు గదిలోకి వచ్చింది. కొత్తాయన తెర పక్కకి వెళ్ళి షో చూస్తున్నాడు. ఆమె చేతి వెనకభాగం న్యూట్రల్ తీగ దగ్గర పెట్టింది. వేడి లేదు.

తర్వాత మైకు హెచ్‌ఓడీ అందుకున్నాడు. శాఖ సాధించిన ర్యాంకులు చెప్పాడు. చివర గొంతు తగ్గించాడు.

"ఇంకొక్క మాట. ఇంజనీరుకి తెలివి ఒక్కటే చాలదు. మొన్న ఈ హాల్లో చిన్న లోపం జరిగింది. దాన్ని ఎవరి మీదకో తోసెయ్యకుండా, తప్పు నాది సార్ అని రాతపూర్వకంగా ఒప్పుకున్న విద్యార్థిని మన మధ్య ఉంది. ఇలాంటి నిజాయితీ చూసి చాలా ఏళ్ళయింది. ఆ అమ్మాయిని స్టేజీ మీదకి రమ్మంటున్నాను."

అసలు పేరు పిలిచాడు. హాల్లో ఎవరా అని తలలు తిరిగాయి. బొంగరం తెర పక్క నుంచి, "మన టెస్టర్రా!" అని అరిచింది. ఎనిమిది వందల మందీ చప్పట్లు మొదలెట్టారు. ప్రెసిడెంటు పరిగెత్తుకొచ్చి ఆమెని మోచెయ్యి పట్టుకుని స్టేజీ దాకా లాక్కెళ్ళాడు. చేతుల మీద నల్లటి మసి ఉంది. జీన్సు పక్కలకి తుడుచుకుంది.

చీఫ్ గెస్ట్ షీల్డు అందించాడు. బరువుగా ఉంది. ఫోటోగ్రాఫరు ముగ్గుర్నీ దగ్గరికి జరగమన్నాడు. ఆమె హెచ్‌ఓడీ వైపు వంగి మెల్లగా అడిగింది.

"సార్, బాబాయ్ ఎప్పటి నుంచి వస్తారు?"

"ఎవరు? ఆ ఎలక్ట్రీషియనా?" కెమెరా వైపు చూస్తూనే అన్నాడు. "అది తేలిపోయిందమ్మా. ఇన్నాళ్ళూ అతని మీద మన దగ్గర రాతలో ఏమీ లేదు. నీ లెటర్ ఏజెన్సీకి పంపాను. తీగ సన్నదని ఎప్పటి నుంచో తెలుసు, షీటులో లోపమూ తెలుసు, అయినా ఒక్క ముక్క రాసివ్వలేదు. అది నిర్లక్ష్యం కాక ఏంటి? ఇంక రాడు."

"నేను అందుకు రాయలేదు సార్."

"తెలుసు. నువ్వు నిజం రాశావు. ఇటు చూడు, ఫోటో."

ఫ్లాషు పడింది.

ఆమె మీటల దగ్గరికి తిరిగి వచ్చింది. షీల్డుని నేల మీద తీగల చుట్టల మధ్య పెట్టింది. అయిదు ఐటాలయ్యాక ఆరోది ప్రకటించారు. బొంగరం స్టేజీ మధ్యలోంచి బొటనవేలు ఎత్తింది. టెస్టర్ పసుపూ నీలమూ కిందికి లాగి, ఎరుపు పైకంటా నెట్టింది. స్టేజీ నిప్పులా అయింది. పాట నాలుగున్నర నిమిషాలు. అంతసేపూ ఆమె బోర్డు గది వైపు చూస్తూనే ఉంది. అక్కడి నుంచి ఏ కేకా రాలేదు.

*

శనివారం పొద్దున ఎనిమిదింటికే సందులోకి వెళ్ళింది. ప్రెసిడెంటు ఫోన్ ఎత్తలేదు, నిద్రపోతున్నాడు కాబోలు. షీల్డు తేలేదు. ఒక నోటుపుస్తకం, పెన్ను తెచ్చింది.

పిన్ని గుమ్మం కడుగుతోంది. ఆమెని చూసి చెంబు పక్కన పెట్టింది. "నిన్న సాయంత్రం ఏజెన్సీ వాళ్ళు ఫోన్ చేశారు," అని మాత్రం అంది. పక్కకి జరిగి దారిచ్చింది.

బాబాయ్ మూడో ఫ్యాను ముందు ఉన్నాడు. రెక్కలు ఇంకా బిగించలేదు. ఆమె ఈసారి నేల మీద కూర్చుంది.

"నా లెటర్ చూపించే తీసేశారు బాబాయ్. అందులో మీకు ముందే తెలుసని రాశాను. మంచి జరుగుతుందనుకున్నాను."

"చెప్పారమ్మా ఏజెన్సీ వాళ్ళు. చదివి వినిపించారు." ఆయన కాసేపు బేరింగు వేలితో తిప్పాడు. "బాగా రాశావు. పంతొమ్మిదేళ్ళలో నా గురించి ఎవరూ అంత రాయలేదు."

ఆ మాటలో ఎత్తిపొడుపు ఉందేమోనని ఆమె వెతికింది. కనిపించలేదు. అందుకే తట్టుకోవడం కష్టమైంది.

"ఇంకో లెటర్ రాస్తాను. ప్రిన్సిపల్‌కి. మీరు ఎవరెవరికి ఎప్పుడు చెప్పారో అన్నీ పెడదాం. రాసి ఇవ్వకపోతేనేం, చెప్పారుగా. కాకపోతే ఈసారి మీరు చెప్పందే ఒక్క అక్షరం రాయను." పెన్ను మూత తీసింది. "ఏం రాయమంటారు?"

లోపల పిన్ని గిన్నెల చప్పుడు ఆగింది. ఆమె కూడా వింటోంది.

"వాళ్ళు తీసుకుంటారని నాకు నమ్మకం లేదమ్మా."

"నాకూ లేదు."

"ఊఁ." స్క్రూడ్రైవర్ కింద పెట్టాడు. చేతులు గుడ్డకి తుడుచుకుని, కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకుని, గోడకి చేరబడ్డాడు. "రాద్దాంలే. ముందు నిన్న రాత్రి సంగతి చెప్పు. ఆరో పాటకి న్యూట్రల్ వేడెక్కిందా?"

"ముట్టుకోలేదు. మీటల దగ్గరున్నాను. ఏమీ కాలేదు."

"బోర్డు దగ్గర ఎవరున్నారు?"

"ఎవరూ లేరు."

ఆయన కళ్ళు ఒక్కసారి పెద్దవయ్యాయి. తర్వాత తల ఊపాడు. "మొదటి నుంచి చెప్పు. ఒకటో ఐటం. ఏ లైట్లు వేశావు?"

ఆమె పెన్ను పుస్తకం మీద పెట్టి, ఒకటో ఐటం నుంచి మొదలుపెట్టింది.